హాజరుపట్టీలో నాగరత్న

ఆ పేరు చెప్పింది నేనే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. పొయ్యి ముందర కూర్చోని సంగటి కెలకతా, తల కూడా ఎత్తకుండా చెప్పినాను. ముందు ఆ సంగతి ఒప్పుకుంటే గానీ మిగతాది రాసేకి నాకు చెయ్యి ఆడదు.

అది 1984 ఏప్రిల్. మేము పెనుకొండలో కొండ కింద వీధిలో ఉండేవాళ్లం. మా ఆయన రామాంజనేయులు హిందూపురంలో చింతపండు మండీలో తూకం వేసే పని చేస్తాండె. పొద్దున ప్యాసింజరుకు పోతే మళ్లా దీపాలు పెట్టే యాలకు వస్తాడు. పగలంతా ఇంట్లో నేనూ, ఐదేండ్ల నా బిడ్డ. ముందర గది ఖాళీగా ఉంటే దాంట్లోకి దేవమ్మను పెట్టుకున్నాం.

దేవమ్మది మారిషస్. టీచర్ ట్రైనింగుకని సముద్రం దాటి వచ్చిన పిల్ల. ఇరవై రెండేండ్లుంటాయి. వాళ్ల ముత్తాత కాకినాడ దిక్కు నుంచి ఓడెక్కి చెరుకుతోటల్లో పనికి పోయినాడంట. తెలుగు మాట్లాడతాది గానీ మన తెలుగు కాదు. ఎప్పుడో చచ్చిపోయిన ముసలామె మాట్లాడినట్ల ఉంటాది. ట్రైనింగులో ఆఖరి మూడు నెలలు నిజం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పల్లంట. మా వీధి చివర చిన్నబడిలో ఒకటో తరగతి ఇచ్చినారు. హాస్టల్లో చోటు లేదని మా ఇంటికి వచ్చింది.

మొదటి రోజు సంగటి ముద్ద పెడితే అన్నం మాదిరి నమిలింది. నా బిడ్డ పొట్ట పట్టుకొని నవ్వింది.

"నమిలేది కాదక్కా. ఊరికే మింగల్ల."

"మింగితే గొంతులో నిలబడిపోదా పాపా?"

"నిలబడితే నీళ్లు తాగల్ల. అమ్మా, అక్కకు నీళ్లు. నాక్కూడా నీళ్లు."

నా బిడ్డ అంతే. గంటకొకసారి నీళ్లు నీళ్లని అరుస్తాది. ఆ అరుపు వింటే నాకు ధైర్యం. ఎందుకో తర్వాత చెప్తాను.

దేవమ్మ ఆదివారం ఆదివారం నీలం కాగితం మీద ఇంటికి జాబు రాసేది. అది చేరేకి ఇరవై రోజులు. జవాబు వచ్చేకి ఇంకో ఇరవై. మా ఆయన చొక్కాలు ఉతికి ఆరేసినా చింతపండు వాసన పోయేది కాదు. దేవమ్మ ఆ బట్టల తీగ కింద నిలబడి, "మా అమ్మ వంటిల్లు ఇట్లే ఉంటుంది అక్కా" అనేది. ఒకసారి వాళ్ల ముత్తాత సంగతి చెప్పింది. ఓడెక్కేటప్పుడు ఆయన తన కాగితం కాదు, అంతకు నెల ముందర చచ్చిపోయిన వాళ్లన్న కాగితం చూపించినాడంట. ఆ పేరు పిలిస్తే ఈయన పలికినాడు. ఆడ చెరుకుతోటలో కూడా బతికినన్నాళ్లూ ఆ పేరుకే పలికినాడు.

"మా ఇంటి పేరు ఆ చచ్చిపోయినాయన పేరే అక్కా. రాసిన పేరు రాసినట్టే ఉండిపోయింది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ కదా, ఒంటిపూట బడులు. పన్నెండుకల్లా ఇంటికి వచ్చేసేది. వచ్చి కండ్లనీళ్లు పెట్టుకునేది. ఆమె మాటకు పిల్లలు నవ్వుతారంట. వెనక కూర్చోని రాసుకునే సూపర్వైజరు సారు, "నువ్వు పిల్లల మొహాలు చూడవు, పుస్తకం చూస్తావు. హాజరు పిలిచేటప్పుడు కూడా తల ఎత్తవు" అన్నాడంట. దానికని మధ్యాహ్నం మా ఇంట్లో సాధన మొదలుపెట్టింది. ముందర గదిలో గోడకు ఒక నల్ల అట్ట ఆనించి, దాని ఎదురుగా ఎనిమిది గోనెపట్టలు పరిచింది. ఒక పొడుగు నోటుపుస్తకం గీతలు కొట్టి హాజరుపట్టీ చేసుకుంది. ఏడు పేర్లు వాళ్ల ఊర్లో తమ్ముళ్లవీ చెల్లెండ్లవీ. పేరు పిలిచి, వాళ్ల గొంతులో తానే పలికేది. ఒకటి సన్నంగా, ఒకటి లావుగా. వినేకి తమాషాగా ఉండేది గానీ, ఎండకు వీధిలో కుక్క కూడా మెదలని ఆ యాలలో, ఖాళీ గదిలో నుంచి అన్ని గొంతులొస్తాంటే ఒళ్లు ఒక రకంగా అయ్యేది.

"ఎనిమిదో పట్ట మీద మీ పాపను కూర్చోబెడతాను అక్కా. నిజం పిల్ల ఒకరైనా ఉండాలి కదా. పాప పేరు ఏమని రాసేది?"

ఆడనే నేను తప్పు చేసినాను.

నా బిడ్డకు పేరు లేదు. తవుడు అని పిలుస్తాం. ఎందుకంటే ఆ బిడ్డను మేము తవుడుకు అమ్మినాం.

దీనికి ముందర నాకొక కూతురు ఉండె. నాగరత్న. ఐదేండ్లు నిండి బడికి వెయ్యల్లని పలక కొన్నాం. జూన్‌లో బడి తెరిచే వారం ముందర జ్వరం వచ్చింది. మూడు రోజులే. ఆ బిడ్డకు ఒక గుణం ఉండేది. ఎంత దప్పికైనా నీళ్లు అడగదు. మనమే కనుక్కొని అడగల్ల. మూడోరోజు మధ్యాహ్నం నేను బోరింగు కాడికి పోయి, బిందె వరస రాలేదని నిలబడిపోయినాను. వచ్చేసరికి బిడ్డ పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఆ పొద్దు నేను అడగలేదు.

మరుసటేడు తవుడు పుట్టింది. మా అత్త పుట్టమ్మ అప్పుడు బతికుండె. పురుడు కాకముందే బిడ్డను చేటలో పడుకోబెట్టి, వాకిట్లోకి తీసుకపోయి, గాజులమ్మే ఖైరున్‌బీ చేతుల్లో పెట్టింది. ఖైరున్‌బీ దోసెడు తవుడు నా ఒళ్లో పోసి, "ఈ బిడ్డ నాది. మీరు ఊరికే సాకల్ల" అంది. మా కడుపున పుట్టినోళ్లను వెతుక్కుంటా వచ్చే చావుకు ఈ బిడ్డ కనపడకూడదని. మా దిక్కు ఇట్ల చేసేది అందరికీ తెలిసిందే. బడికి వేసేటప్పుడు దోసెడు తవుడూ రవిక గుడ్డా ఇచ్చి తిరిగి కొనుక్కోవల్ల. పేరు పెట్టే హక్కు కొన్నామెదే. అంతవరకు మంచి పేరు పెట్టకూడదు.

ఉగాది అయినప్పటి నుంచి ఖైరున్‌బీ రెండుసార్లు అడిగింది. "జూన్ వస్తాంది కౌసల్యా. తవుడు తెచ్చియ్యి, పేరు చెప్తా." నేనే వాయిదా వేస్తాంటి. జూన్ అంటే నాకు భయం.

ఇదంతా దేవమ్మకు ఎట్ల చెప్పేది? సముద్రం దాటి వచ్చిన పిల్ల. నేను ఏడో తరగతిలో బడి మానేసి ధర్మవరంలో మా నాయన మగ్గం కాడ కండెలు చుట్టినదాన్ని. నా బిడ్డ పేరు తవుడు అని చెప్పేకి సిగ్గయింది. నోటికి ఏది వస్తే అది అన్నాను.

"నాగరత్న."

దేవమ్మ గుండ్రంగా రాసుకుంది. "చక్కటి పేరు. ఒకసారి పట్టీలో ఎక్కిందంటే కొట్టెయ్యకూడదు అక్కా, మాకు అది మొదటి పాఠం" అంది.

మూడు రోజులు ఏమీ కాలేదు. "నాగరత్నా" అంటే, తవుడు అది ఒక ఆట అనుకొని, "ఉన్నాను టీచర్" అని వీధంతా వినపడేటట్ల అరిచేది. నాలుగో రోజు నేను వంటింట్లో పప్పు ఏరుకుంటాంటే పేర్లు పిలుస్తాంది. ఏడు గొంతులైనాయి.

"నాగరత్నా."

"ఉన్నాను టీచర్."

సన్నంగా, కొంచెం ఆలస్యంగా వచ్చింది. నోరు ఎండిపోయినవాళ్లు పలికినట్ల. తవుడు ఈ పొద్దేమి ఇంత మెల్లగా పలుకుతాంది అనుకున్నా. అంతలోకే పెరటి తలుపు తోసుకొని తవుడు లోపలికి వచ్చింది. తొట్టి కాడ ఆడుకొని కాళ్లు తడి చేసుకుంది.

చేట ఆడనే పెట్టి ముందర గదిలోకి పోయినా. ఎనిమిది పట్టలూ ఖాళీ. దేవమ్మ తల వంచుకొని పట్టీలో గుర్తు పెడతాంది.

"ఇప్పుడు పలికింది ఎవరు దేవమ్మా?"

"పాపే కదా అక్కా." అప్పుడు తల ఎత్తి చూసింది. "ఏదీ, ఇప్పుడు ఇక్కడే ఉండింది."

మరుసటి రోజు పేర్లు పిలిచే యాలకు తవుడును వంటింట్లోనే ఒళ్లో కూర్చోబెట్టుకొని రెండు చేతులా పట్టుకున్నాను. పేరు పిలిచింది. ముందర గదిలో నుంచి జవాబు వచ్చింది. నా చేతుల్లో బిడ్డ నోరు కదల్లేదు. భయపడనూ లేదు. నా చెవి దగ్గరికి వచ్చి రహస్యం చెప్పింది.

"అమ్మా, ఆ పాపను ముందర పట్టలో కూకోబెట్టల్లంట. ఎనక నుంచి అచ్చరాలు కనపడల్యాదంట."

ఆ రోజే నేను దేవమ్మను ఆపి ఉండల్ల. ఆపలేదు. మరుసటి రోజు ఆమె బడి నుంచి రాకముందే ఇంకో గోనెపట్ట తెచ్చి, అన్నిటికంటే ముందర, నల్ల అట్టకు దగ్గరగా పరిచినాను. దేవమ్మ అడిగితే, పాపకు వెనక నుంచి కనపడలేదంట అన్నాను. పన్నెండు కొట్టేసరికి పనులన్నీ ముగించి తలుపు వెనక కూర్చునేదాన్ని. ఆ ఒక్క మాట కోసమే. తప్పని తెలుసు. అయినా ఆరేండ్ల తర్వాత నా బిడ్డ గొంతు. ఏ తల్లి ఆపుతాది? తొమ్మిది రోజులు అట్ల విన్నాను.

ఇంతలో తవుడు మారతా వచ్చింది. తవుడూ అని పిలిస్తే పలికేది కాదు, ఎవర్నో పిలుస్తాండారు అన్నట్ల వెనక్కి చూసేది. ఎడమ చేత్తో బలపం పట్టింది. నాగరత్నది ఎడమ చెయ్యి. ఒక పొద్దు నా పైట పట్టుకొని లాగి, "అమ్మా, అటక మీద నా పలక తీసియ్యి" అంది. ఆ పలక నా పెండ్లి రవికలో చుట్టి పెట్టింది. దాని సంగతి మా ఆయనకు కూడా తెలీదు.

పదో రోజు పొద్దున బిడ్డ లేవలేదు. ఒళ్లు పెనం మాదిరి ఉండాది. నేను పక్కన కూర్చోని చూస్తాండా. గంటయింది, రెండు గంటలయింది. పెదవులు ఎండుతాండాయి. నీళ్లు అడగలేదు. గ్లాసు నోటికి పెడితే రెండు గుటకలు మింగి మొహం తిప్పుకుంది. దినానికి ఇరవైసార్లు నీళ్లని అరిచే బిడ్డ.

మా ఆయన ఆ పొద్దు రైలుకు పోలేదు. "ఎండలో ఆడింటాది. కషాయం పొయ్యి, తగ్గుతాది" అన్నాడు. అప్పుడు చెప్పినాను, పేరు సంగతీ గొంతు సంగతీ. ఆయన సంగటి ముద్ద తట్టలోనే పెట్టేసినాడు.

"ఆ పేరు ఎందుకు చెప్పినావే?"

"తవుడని చెప్పేకి సిగ్గయింది."

"నీ సిగ్గు పాడుగాను. ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపిస్తావని."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకొని బయటికి పోయి ఖైరున్‌బీని పిలుచుకొచ్చినాడు. ఆమె గాజుల బుట్ట గడప కాడ దించి, బిడ్డ నుదురు పట్టి చూసి, నా దిక్కు తిరిగింది.

"నా బిడ్డకు నన్నడక్కుండా పేరు పెట్టుకుంటివా కౌసల్యా? అదీ ఇంకొకరి పేరు. విడిచిన బట్ట కట్టినట్ల."

అప్పుడే బడి నుంచి వచ్చిన దేవమ్మ సగం విని నిలబడిపోయింది. అంతా చెప్పినాం. ఆ పిల్ల పరిగెత్తి పోయి పట్టీ తెచ్చి, రబ్బరు పెట్టి ఆ పేరు రుద్దబోయింది.

ఖైరున్‌బీ ఆ చెయ్యి పట్టుకుంది. "చెరిపేస్తే ఆ బిడ్డ యాడికి పోతాది తల్లీ? పిలిచినారని వచ్చింది. పో అని తరుముతారా? మీ బడిలో పిల్లను పంపించల్లంటే ఏం చేస్తారో అది చెయ్యి."

దేవమ్మ రబ్బరు కింద పెట్టింది. తర్వాత మెల్లగా, "టీసీ ఇస్తాం" అంది.

ట్రైనింగులో నేర్చుకునేకి ఇచ్చిన ఖాళీ టీసీ కాగితాలు ఆమె పెట్టెలో ఉన్నాయి. ఒకటి తీసి ముందర గదిలో కూర్చునింది. చుట్టూ మేము ముగ్గురం. బిడ్డను ఎత్తుకొచ్చి నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ. నడవడిక కాడ ఆమె నన్ను చూసింది.

"మంచిది అని రాయి. ఒక్కసారి కూడా ఏడిపించలేదు" అన్నాను.

"బడి వదలడానికి కారణం?"

మా ఆయన తల వంచుకొని, "పై ఊరికి పోతాంది అని రాయమ్మా" అన్నాడు.

కింద నేను సంతకం పెట్టినాను. బడి మానేసినాక అదే మొదటిసారి. నాకు ఎవరూ టీసీ తీసుకోలేదు. మా నాయన బడికి పోయి, నా బిడ్డ ఇంక రాదు అని చెప్పలేదు. ధర్మవరం బడిలో నా పేరు ఇంకా ఎన్నాళ్లు పిలిచినారో. ఎవరైనా పలికినారో.

"ఇంక పిలువు" అంది ఖైరున్‌బీ. "ఈసారి తల ఎత్తి పిలువు."

దేవమ్మ పట్టీ మూసేసింది. ముందర పట్ట దిక్కు చూసి పిలిచింది.

"నాగరత్నా."

బయట ఎండ. గోడ మీద గడియారం కొట్టుకునే శబ్దం తప్ప ఏమీ లేదు. పోయింది, ముందే పోయింది అనుకున్నాను. అనుకొని, నా గుండె చిన్నదైపోయింది. అంతలో వచ్చింది.

"ఉన్నాను టీచర్."

మేమంతా విన్నాం. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఆ పట్ట మీద నాకు ఏమీ కనపడలేదు. కానీ దేవమ్మకు కనపడింది. ఎట్ల తెలుసునంటే, ఆమె చూపు ఒక్క చోటనే నిలబడింది, ఐదేండ్ల పిల్ల కండ్లుండే ఎత్తులో. కాగితం కూడా అంతే కిందికి వంచి పట్టుకుంది.

"ఇది నీ టీసీ. చిరగకుండా పెట్టుకోవాలి" అని చెప్పింది. ఆ ఒక్కసారి మాత్రం ఆమె గొంతు నిజం టీచరమ్మ గొంతు మాదిరి ఉండింది.

"టీసీ తీసుకున్న పిల్ల ఇంకో బడిలో చేరల్ల కదా. ఏ బడికి?" అని అడిగింది ఖైరున్‌బీ.

"మా బడికి. నేను తీసుకపోతాను" అంది దేవమ్మ.

నేను బిడ్డను పక్కన పడుకోబెట్టి, లేచి పోయి దోసెడు తవుడూ రవిక గుడ్డా తెచ్చి ఖైరున్‌బీ ఒళ్లో పెట్టినాను. ఆమె నా బిడ్డ చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలిచింది.

"ఫక్కీరమ్మా. ఫక్కీరమ్మా. ఫక్కీరమ్మా."

నేను తలచుకున్న పేర్లు వేరే. లక్ష్మి అనో, సరళ అనో. అదంతా అప్పుడు గుర్తుకు రాలేదు. బిడ్డ రెప్పలనే చూస్తాండా. అవి కదిలినాయి. నాలుక పెదవుల మీద తిప్పుకుంది.

"అమ్మా, నీళ్లు" అంది.

చెంబుతో నీళ్లు మా ఆయనే తెచ్చినాడు.

నెలాఖరుకు దేవమ్మ ట్రైనింగు ముగిసింది. ధర్మవరం దాకా ప్యాసింజరు, ఆడ నుంచి మద్రాసు రైలు. మేము స్టేషనుకు పోయినాం. ఆమె కిటికీ పక్క సీటు వదిలి ఇవతల కూర్చునింది. జనం బాగా ఎక్కినారు. మూట చంకన పెట్టుకొని ఒకామె వచ్చి, "ఏమ్మా, జరిగి కూకో, ఆడ ఎవురూ లేరు కదా" అంది.

"ఉన్నారు" అంది దేవమ్మ.

మూటామె కిటికీ దిక్కు ఒకసారి చూసి ముందుకు పోయింది. రైలు కదిలినప్పుడు నేను దేవమ్మకు చెయ్యి ఊపలేదు. ఆ కిటికీకి ఊపినాను.

జూన్‌లో ఫక్కీరమ్మను బడికి వేసినాం. మొదటి వారమంతా పన్నెండు దాకా బడి గోడ కాడనే నిలబడినాను. పేరు పిలిస్తే వీధంతా వినపడేటట్ల పలుకుతాది. కుడిచేత్తోనే రాస్తాది. జూన్ పోయింది, జూలై పోయింది.

ఆగస్టులో నీలం కాగితం వచ్చింది. నేను మెల్లగా కూడబలుక్కొని చదివినాను. ఉద్యోగం వచ్చిందంట. ఊరంతా చెరుకు పూసిందంట. తరగతిలో ముప్పై ఒక్కమంది పిల్లలంట. చివర్లో చిన్న అక్షరాలతో రాసింది. "అక్కా, ముందు బల్లలో ఎడమ పక్క ఒక చోటు ఎవరికీ ఇవ్వను. ఇప్పుడు తల ఎత్తి పిలుస్తాను. గుణింతాలు వచ్చేశాయి. మీరు దిగులు పడకండి."

ఆ కాగితం మా ఆయనకు చూపించలేదు. పలకను చుట్టిన రవికలోనే పెట్టినాను. జవాబు రాసేకి నాలుగు దినాలు పట్టింది. ఫక్కీరమ్మ సంగతులు రాసినాను, ఖైరున్‌బీ మోకాళ్ల నొప్పి గురించి రాసినాను. అంతా అయినాక కింద కొంచెం చోటు మిగిలింది.

"దేవమ్మా, ఆ బిడ్డ నీళ్లు అడగదు. నువ్వే అడుగు" అని రాసి అంటించినాను.